అంబాసిడర్ ఇంజిన్ భాగాలకు కొత్త రంగు వేసే ముందు పాత రంగు తీయడం ఎలా?

గోదావరి_గట్టు · ఆదివారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. మా నాన్నగారు 1978లో కొన్న మార్క్ 3 అంబాసిడర్ ఆయన పోయిన తరువాత ఆరేళ్లుగా షెడ్డులోనే ఉండిపోయింది. ఈ నెలలో ఇంజిన్ దింపించి విడగొట్టించాను. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్. బోరు, క్రాంకు పని లేత్ షాపువారు చూస్తారు. భాగాలను శుభ్రం చేసి రంగు వేసే పని మాత్రం నా చేతులతోనే చేయాలని ఉంది.

రంగు మూడు పొరలుగా ఉంది. పైన వెండి రంగు, దాని కింద నలుపు, అన్నిటికంటే అడుగున ఆకుపచ్చ. ఆయిలు కారిన చోటల్లా అప్పడంలా ఉబ్బి, గోరు పెడితే రాలుతోంది. మిగిలిన చోట్ల రాయిలా ఉంది. కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి రంగంతా జారిపోతుందని తెలిసినవారొకరు చెప్పారు. 5 కిలోలు కొని తెచ్చాను, డ్రమ్ము కూడా సిద్ధంగా ఉంది. బ్లాకు, రాకర్ కవరు, ఆయిల్ సంపు, టైమింగ్ కవరు, ఇన్‌లెట్ మానిఫోల్డు, కార్బురేటరు, ఫ్యాను, పుల్లీ, బ్రాకెట్లు అన్నీ కలిపి అందులో వేయవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

విశాఖ_తీరం · ఆదివారం, ఉదయం 8.05

గోదావరి గారూ, ఈ జవాబు చదివేవరకు డ్రమ్ములో ఏదీ వేయకండి.

నాలుగేళ్ల కిందట నేను సరిగ్గా ఇదే పని చేశాను. నాది ప్రీమియర్ పద్మిని కారు. దాని హెడ్డు అల్యూమినియం. మసీ రంగూ రెండూ ఒకేసారి పోతాయనుకుని కాస్టిక్ నీళ్లలో వేసి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి డ్రమ్ము అన్నం కుండలా కుతకుత ఉడుకుతోంది. పొయ్యి మీద లేదు, కింద మంట లేదు. పైన నురగ, ఘాటైన ఆవిరి. కర్రతో బయటికి లాగితే హెడ్డు బొగ్గులా నల్లగా ఉంది. కడిగి చూస్తే ఒళ్లంతా స్ఫోటకం మచ్చల్లా గుంటలు. బోల్టు మరలు సగం మాయం. దాన్ని బాగు చేయడం ఎవరివల్లా కాలేదు, వేరే హెడ్డు వెతకడానికి ఏడు నెలలు పట్టింది. నష్టం నాకు జరిగినా, మీకు జరగకూడదని రాస్తున్నాను.

రసాయన_మాస్టారు · ఆదివారం, ఉదయం 9.30

కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. విశాఖ వారు చూసిన ఉడుకు వెనుక కారణం చెబుతాను. అది తెలిస్తే ఏది వేయాలో, ఏది వేయకూడదో మీరే తేల్చుకోగలరు.

అల్యూమినియం మీద గాలి తగలగానే పలుచటి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. లోహాన్ని కాపాడేది అదే. కాస్టిక్ సోడా ఆ పొరను కరిగించి లోపలి లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. అప్పుడు హైడ్రోజన్ వాయువు, బోలెడంత వేడి పుడతాయి. ద్రావణం వేడెక్కినకొద్దీ చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఆ సమయంలో దగ్గర ఎవరైనా బీడీ వెలిగిస్తే హైడ్రోజన్ అంటుకుంటుంది. విశాఖ గారు హెడ్డు ఒక్కటే పోగొట్టుకుని బయటపడడం అదృష్టం.

జింకు, తగరం, సీసం కూడా ఇదే కోవలోవి. కార్బురేటరు, పెట్రోలు పంపు సాధారణంగా జింకు మిశ్రమంతో పోతపోసినవి, కనుక వాటినీ వేయకూడదు. జింకు పూత ఉన్న బకెట్టులో ద్రావణం కలపడమూ తప్పే, బకెట్టే చిల్లుపడుతుంది. మందపాటి ప్లాస్టిక్ డబ్బా గాని, పూత లేని ఇనుప డ్రమ్ము గాని వాడండి.

ఇనుమును, ఉక్కును మాత్రం కాస్టిక్ ముట్టుకోదు. పాత ఎనామిల్ రంగుల్లో చాలావరకు నూనెల నుంచి తయారైన బంధకం ఉంటుంది. కాస్టిక్ దాన్ని సబ్బుగా మార్చేస్తుంది, మన ఇళ్లలో నూనెతో సబ్బు వండినట్టే. అందుకే రంగు వేలితో తుడిస్తే వచ్చేంత మెత్తబడుతుంది. ఎపాక్సీ రంగులు, పౌడర్ కోటింగు మాత్రం దీనికి అంత సులువుగా లొంగవు.

20 లీటర్ల నీటికి 1 కిలో చాలు. నీటిలో కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేయండి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిందుతుంది. కళ్లను అన్ని వైపులా మూసే అద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు తప్పనిసరి. పక్కనే ధారగా నీళ్లు వచ్చే కుళాయి ఉండాలి. కంట్లో పడితే 20 నిమిషాలు ఆపకుండా కడుగుతూ ఉండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గోదావరి_గట్టు · ఆదివారం, ఉదయం 11.15

విశాఖ గారికి, మాస్టారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మధ్యాహ్నం వేద్దామని నీళ్లు కూడా పట్టి ఉంచాను.

పాత స్పీకరులోని అయస్కాంతం తీసుకుని అన్నిటికీ పెట్టి చూశాను. బ్లాకు, హెడ్డు, రాకర్ కవరు, సంపు, టైమింగ్ కవరు, పక్క మూతలు, పుల్లీ, బ్రాకెట్లకు అంటుకుంది. ఇన్‌లెట్ మానిఫోల్డుకు, కార్బురేటరుకు, పెట్రోలు పంపుకు అంటలేదు. అంటుకున్నవన్నీ వేయవచ్చా?

బర్మింగ్‌హామ్_ఎంజీబీ · ఆదివారం, మధ్యాహ్నం 2.50

నాది గుంటూరు, ఇరవై ఏళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. నా దగ్గర ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. దాని 1798 సీసీ ఇంజిన్, మీ 1489 సీసీ ఇంజిన్ ఒకే తల్లి బిడ్డలు. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బి సిరీస్ ఇంజిన్లు. అందుకే మీ అయస్కాంతం చెప్పిన లెక్క నాకు ఆశ్చర్యం కలిగించలేదు. బ్లాకు, హెడ్డు పోత ఇనుము. రాకర్ కవరు, సంపు, టైమింగ్ కవరు ఉక్కు రేకును అచ్చులో నొక్కి చేసినవి.

అయితే ఒక్క మాట. అయస్కాంతం బ్లాకును చూస్తుంది గాని, బ్లాకు లోపల కూర్చున్న క్యామ్ షాఫ్టు బేరింగులను చూడదు. వాటి లోపలి పూతలో తగరం, సీసం ఉంటాయి. మాస్టారు పైన చెప్పినవే. బేరింగులు మార్చేటట్టయితే తీసేసి వేయండి. అవే ఉంచుకునేటట్టయితే బ్లాకును కాస్టిక్‌లో ముంచకండి.

ఆటోనగర్_పనివాడు · ఆదివారం, రాత్రి 9.20

విజయవాడ ఆటోనగర్‌లో 32 ఏళ్లుగా ఇంజిన్ పని చేస్తున్నాను. అందరూ మందుల గురించి మాట్లాడుతున్నారు. నేను అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న అడుగుతాను. రాయిలా ఉన్న రంగును అసలు ఎందుకు తీయాలి?

రంగు ఊడిపోవడానికి పాతబడడం ఒక్కటే కారణం కాదు. నేను చూసిన వాటిలో పదికి తొమ్మిది ఆయిలు జిడ్డు మీద రంగు వేసినవే. మీ వెండి పొర కూడా అలాంటిదేనని నా అనుమానం. మొదట కిరోసిన్, బ్రష్షు పట్టుకుని జిడ్డంతా దింపండి. మూలల్లో పేరుకున్న మడ్డిని కర్రముక్కతో గీకండి. తరువాత వేడినీళ్లు, బట్టల సబ్బు పొడితో రెండుసార్లు కడగండి. జిడ్డు పోయిందో లేదో తెలియాలంటే మంచినీళ్లు పోసి చూడండి. నీరు పలుచటి తెరలా పరుచుకుంటే పోయినట్టు, తామరాకు మీద బొట్లలా విడిపోతే ఇంకా ఉన్నట్టు.

ఆరిన తరువాత బ్లేడుతో రంగు మీద అడ్డంగా ఆరు గీతలు, నిలువుగా ఆరు గీతలు గీయండి. చిన్న గళ్లు పడతాయి. వాటి మీద మంచి టేపు గట్టిగా అంటించి ఒక్క గుంజు గుంజండి. గళ్లు టేపుతో వచ్చేస్తే ఆ రంగు మొత్తం తీయవలసిందే. ఒక్క గడీ కదలకపోతే ఆ రంగు మీ కొత్త రంగుకు మంచి పునాది. 220 నంబరు, ఆపైన 320 నంబరు వాటర్ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది దాని మీదే వేసుకోండి. మొత్తం వేసే ముందు ఒక మూల కొత్త రంగు వేసి ఒకరోజు ఆగండి. పాత రంగు ముడుచుకుపోతే మాత్రం తీయక తప్పదు.

ఇంకో విషయం. బ్లాకుకు ఇప్పుడే రంగు వేయకండి. బోరింగు మిషను ఎక్కి, దిగి, మళ్లీ కడిగిన తరువాతే వేయాలి. ముందు వేసినవారి రంగు ఆ కడుగుడులో పోవడం ఎన్నోసార్లు చూశాను.

హైదరాబాద్_పాతబండి · సోమవారం, ఉదయం 6.55

ఇంత శ్రమ ఎందుకు అనుకునేవారికి బ్లాస్టింగు మార్గం ఉంది, అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టి రంగు లేపడం. నా సంపు, బ్రాకెట్లు అలాగే చేయించాను. గంటలో కొత్త రేకులా వచ్చాయి. కాని రాకర్ కవరును పాడుచేసుకున్నాను. పలుచటి రేకు మీద ఒకేచోట ఎక్కువసేపు కొట్టేసరికి పళ్లెంలా వంగింది. ప్యాకింగు కూర్చునే అంచు చదునుగా లేకపోతే ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిలు కారడం ఆగదు.

ఆటోనగర్_పనివాడు · సోమవారం, ఉదయం 7.30

బ్లాకును మాత్రం ఎవరూ బ్లాస్టింగుకు పంపవద్దని చేతులెత్తి కోరుతున్నాను. ఆయిలు దారులు పెన్సిలంత సన్నగా ఉంటాయి. రేణువులు వాటిలో జిడ్డుకు అంటుకుని కూర్చుంటాయి. ఎన్ని గాలి దెబ్బలు కొట్టినా కొన్ని మిగులుతాయి. ఇంజిన్ వేడెక్కాక అవి కదిలి నేరుగా బేరింగులలోకి వెళతాయి. కొత్త బేరింగులు వేసిన ఇంజిన్ కొద్దిరోజులకే గీతలు పడి మళ్లీ నా దగ్గరికి వచ్చిన సందర్భాలున్నాయి. విప్పి చూస్తే క్రాంకు మీద ఇసుక గీతలు.

సంపు లోపల అడ్డురేకులు ఉంటాయి, వాటి వెనుకా రేణువులు దాక్కుంటాయి. సంపుకు బ్లాస్టింగు చేయిస్తే తిరగేసి తట్టి, కిరోసిన్‌తో కనీసం మూడుసార్లు కడగండి.

మామూలు ఏటి ఇసుకతో కొట్టే షాపుల దగ్గర నిలబడకండి, అక్కడ పనిచేసే పిల్లలకూ చెప్పండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు. నాకు తెలిసిన ఇద్దరు సిలికోసిస్‌తో పోయారు.

మిషిగన్_తెలుగు · సోమవారం, ఉదయం 8.10

కార్ల పరిశ్రమలో పనిచేస్తున్నాను. ఆటోనగర్ గారి మాటకు ఒక రుజువు. ప్యాకింగు ముక్కలు గీకడానికి డ్రిల్లుకు తగిలించే గరుకు బిళ్లలు ఉంటాయి. వాటినుంచి రాలే అల్యూమినియం ఆక్సైడు పొడి ఆయిల్లో కలిసి బేరింగులను తినేస్తోందని జనరల్ మోటార్స్ తన మెకానిక్కులకు ప్రత్యేకంగా హెచ్చరిక పంపింది. వేలికి కూడా తగలనంత మెత్తటి పొడి అది. ఇంజిన్ విప్పి ఉన్నప్పుడు, ముఖ్యంగా ప్యాకింగు కూర్చునే తలాల మీద, ఆ బిళ్లలు వాడకండి. చేత్తో పట్టే గీకుడు బ్లేడు చాలు.

రెండోది పెయింట్ రిమూవర్. త్వరగా పనిచేసే రకాల్లో చాలావాటిలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. పది నిమిషాల్లో రంగు ముడతలు పడి లేచిపోతుంది, అల్యూమినియాన్ని కాస్టిక్‌లా తినదు. కాని దాని ఆవిరి గాలికంటే బరువైనది, మూసిన గదిలో కిందికి దిగి నిలుస్తుంది. పీల్చినది శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. స్నానపు తొట్టెలకు రంగు తీసే పనిలో కార్మికులు చనిపోయిన ఘటనలు అమెరికాలో జరిగాయి. అందుకే ఇక్కడ 2019లో సాధారణ వినియోగదారులకు దాని అమ్మకం ఆపారు, 2024లో పరిశ్రమల్లోని చాలా వాడకాలనూ నిషేధించారు. ముక్కుకు కట్టే గుడ్డ దాన్ని ఏమీ ఆపదు. మామూలు పలుచటి తొడుగుల గుండా నిమిషాల్లో చర్మానికి చేరుతుంది. డబ్బా మీద ఆ పేరు ఉందో లేదో చూసి కొనండి.

గోదావరి_గట్టు · సోమవారం, రాత్రి 8.45

ఆటోనగర్ గారి టేపు పరీక్ష చేశాను. బ్లాకు మీద, పుల్లీ మీద అడుగున ఉన్న ఆకుపచ్చ ఒక్క గడీ కదలలేదు. వెండి, నలుపు మాత్రం టేపుతో పూర్తిగా వచ్చేశాయి. రాకర్ కవరు, సంపు మీద మూడు పొరలూ లేచాయి. కనుక ఈ రెండూ, పక్క మూతలూ, టైమింగ్ కవరూ కాస్టిక్‌లోకి. బ్లాకును చేత్తోనే రుద్దుతాను, క్యామ్ బేరింగులు మార్చే ఉద్దేశం లేదు.

మిగిలింది ఇన్‌లెట్ మానిఫోల్డు. దాని మీద వెండి రంగు మందంగా ఉంది. మిథిలీన్ క్లోరైడ్ నాకు వద్దు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఇంకేదైనా దారి ఉందా?

బర్మింగ్‌హామ్_ఎంజీబీ · సోమవారం, రాత్రి 11.30

బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసిన రిమూవర్లు ఉన్నాయి. నేను ఇక్కడ అవే వాడతాను. నిదానం ఎక్కువ. మందంగా పూసి, ఆరిపోకుండా పాలిథీన్ కాగితం చుట్టి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున ప్లాస్టిక్ గీకుడు పలకతో తీసి, మిగిలినదానికి మళ్లీ ఒక పూత. నా మానిఫోల్డుకు మూడు రాత్రులు పట్టింది, ఒక్క గీత పడలేదు. అల్యూమినియం మీద ఉక్కు వైరు బ్రష్షు వాడితే గీతలు పడతాయి. ఇత్తడి బ్రష్షు గాని నైలాన్ బ్రష్షు గాని తీసుకోండి.

రసాయన_మాస్టారు · మంగళవారం, ఉదయం 6.20

పిల్లలున్నారని చెప్పారు కనుక ఇది రాయకుండా ఉండలేను. 1978 నాటి రంగులో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ ఇళ్ల, అలంకరణ రంగులకే. కాబట్టి ఆ ఆకుపచ్చను పొడిగా రుద్దవద్దు. నీళ్లు చల్లుతూ రుద్దండి, బురదను గుడ్డతో ఎత్తి సంచిలో కట్టండి. హీట్ గన్నుతో, మంటతో రంగు కాల్చవద్దు, ఆవిరిలో సీసం వస్తుంది. పని బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకవద్దు.

అలాగే పాత ప్యాకింగుల్లో, క్లచ్ ప్లేటులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉండే కాలం అది. ప్యాకింగు ముక్కలను తడిపి గీకండి. వాడేసిన కాస్టిక్ నీటిని మురుగు కాలువలోకి, గోదావరిలోకి వదలకండి. అడుగున పేరుకున్న రంగు మడ్డిని వేరుచేసి మూత బిగించి ఉంచండి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వండి.

పాలమూరు_జీపు · మంగళవారం, ఉదయం 10.00

తుప్పు కూడా ఉన్న ఇనుప బ్రాకెట్లకు మా పద్ధతి చెబుతాను. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు, లీటరుకు ఒక చెంచా చాకలి సోడా. బ్యాటరీ చార్జరు నెగటివ్ వైరు బ్రాకెట్టుకు, పాజిటివ్ వైరు పాత ఇనుప ముక్కకు. రెండూ తగలకూడదు. ఒక రాత్రిలో తుప్పు వదులుతుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. మంచి ఇనుము అరగదు.

రసాయన_మాస్టారు · మంగళవారం, ఉదయం 10.25

మంచి పద్ధతి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం ఎవరూ పెట్టకండి. స్టీలు గరిటె పెడితే అరగడం లేదని కొందరు అదే వాడతారు. దానిలోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలోకి వస్తుంది. ఇక్కడా హైడ్రోజన్ పుడుతుంది, ఆరుబయట చేయండి. చార్జరు ఆపిన తరువాతే వైర్లు తీయండి.

గోదావరి_గట్టు · రెండు వారాల తరువాత, శనివారం, సాయంత్రం 5.30

జరిగినదంతా చెబుతాను. సంపు, రాకర్ కవరు కాస్టిక్‌లో మూడున్నర గంటలే పట్టాయి. ఆకుపచ్చ కూడా తడి కాగితంలా జారింది. మానిఫోల్డు రెండు రాత్రుల్లో శుభ్రమైంది.

ఒక పొరపాటు చేశాను. కాస్టిక్ భాగాలను సాయంత్రం కడిగి, తుడిచి, ఆరతాయిలే అని షెడ్డులో పెట్టి పడుకున్నాను. ఆ రాత్రి చినుకులు పడ్డాయి. తెల్లవారి చూస్తే సంపు మొత్తం నారింజ రంగు. చాలా బాధపడ్డాను. రెండోది, మళ్లీ రుద్ది ప్రైమరు వేస్తే సంపు మడతల దగ్గర బొబ్బలు లేచాయి. ఎందుకు?

రసాయన_మాస్టారు · శనివారం, సాయంత్రం 6.10

మడతల్లో కాస్టిక్ మిగిలింది. పాత రంగును సబ్బు చేసినదే మీ కొత్త ప్రైమరునూ చేస్తోంది. మడతలను వేడినీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, చివర కడిగిన నీటిలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచండి. నీలంగా మారితే ఇంకా కడగాలి. ఆ తరువాత పలుచటి వెనిగరు నీళ్లు ఒకసారి, మళ్లీ మంచినీళ్లు.

ఆటోనగర్_పనివాడు · శనివారం, రాత్రి 9.05

తుప్పుకు బాధపడకండి, అది పైపొరే. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పూసి కడిగితే పోతుంది. గీసి నున్నచేసిన తలాలకు మాత్రం అంటనివ్వకండి. కడిగిన ఉక్కును ఎండలో పెట్టి, గాలి కొట్టి, చేయి పెడితే వెచ్చగా ఉన్నప్పుడే ప్రైమరు వేయాలి. అదే రోజు వేయలేకపోతే పలుచగా ఆయిలు పూసి ఉంచండి, వేసే ముందు థిన్నరుతో తుడుచుకోవచ్చు. అల్యూమినియానికి ఎచ్ ప్రైమరు (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే రకం) వేయండి, మామూలు ప్రైమరు దానిమీద నిలవదు.

ఎగ్జాస్టు మానిఫోల్డుకు ఈ ఇంజిన్ ఎనామిల్ పనికిరాదు, మొదటి ప్రయాణంలోనే మాడి రాలుతుంది. దానికి 600 డిగ్రీలు తట్టుకునే సిలికోన్ రంగు వేరే ఉంటుంది.

బ్లాకు బోరింగు నుంచి వచ్చాక రంగు వేసేటప్పుడు రంధ్రాల్లో గుడ్డముక్కలు కుక్కకండి. ఒక్కటి లోపలే మరచిపోతే ఆయిలు దారి మూసుకుపోతుంది. నేను చెక్క బిరడాలు పెడతాను, తల బయటికి కనిపించేంత పొడవుగా. ఎన్ని పెట్టానో గోడమీద సుద్దతో రాసుకుంటాను.

గోదావరి_గట్టు · ఎనిమిది రోజుల తరువాత, ఆదివారం, సాయంత్రం 6.40

మాస్టారు చెప్పినట్టే కడిగాను. అయిదోసారికి లిట్మస్ ఎర్రగానే ఉంది. సంపుకు మళ్లీ ప్రైమరు వేసి నాలుగు రోజులైంది, ఒక్క బొబ్బ లేదు. టేపు పరీక్ష పెట్టాను, నిలిచింది.

బ్లాకు గురువారం బోరింగు నుంచి వచ్చింది. ఆయిలు దారులన్నీ సన్నటి నైలాన్ బ్రష్షుతో, కిరోసిన్‌తో తోమి, గాలి కొట్టించాను. తెల్లటి గుడ్డకు నలుపు అంటడం మానేవరకు ఆగలేదు. నాన్నగారు బండి కొన్ననాటి ఆకుపచ్చ ఇంకా బ్లాకు మీద గట్టిగానే ఉంది, దానిని మెరుపు పోయేదాకా తడిపి రుద్ది, అదే ఛాయ కలిపించి పైన వేశాను. ఈ రోజు ఉదయం రెండో పూత పూర్తయింది. బిరడాలు 23 పెట్టాను, 23 తీశాను.